జాగిలములు లేని వేట

వేట పుట్టిన నాటినుండియు మనుష్యుడు తన యింద్రియముల కొరతను పరుల యింద్రియములతో పూరించుకొనుచునే వచ్చినాడు. అతని ముక్కు మందము, చెవి స్థూలము, కన్ను పగటివేళ కొంత పనికివచ్చును గాని ప్రొద్దు క్రుంకినంతనే అదియు నిష్ప్రయోజకమగును. తాను వెదకు మృగము తనకంటె ముందుగనే తన్ను చూచి, విని, వాసన పట్టి తొలగిపోవుచుండగా, ఈ అశక్తతను తీర్చుకొనుటకు అతడు కనుగొన్న ఉపాయములలో కుక్కను మించినది లేదు. మన ప్రబంధకవులు మృగయావర్ణనకు పూనుకొన్నప్పుడు విండ్లతోను వలలతోను పాటు జాగిలములను అంత ఉత్సాహముతో వర్ణించుట ఊరక జరిగినది కాదు. నల్లమల చెంచులు కుక్కను ఇంటిలోని ప్రాణిగా పెంచుకొని అడవికి వెంటగొనిపోవుటయు ఊరక కాదు. వేటకాని వెంట కుక్క పోవుచున్నదని చూచువారి కనిపించును గాని, అడవిలో ప్రవేశించిన తరువాత దారి చూపునది కుక్కయే.

అట్టి కుక్కను బుద్ధిపూర్వకముగా ఇంటివద్ద విడిచి, మనుష్యుని కంటబడుటకు ఏమాత్రము ఇష్టపడని ఒక మృగమును, మోకాలిలోతు మంచులో, కాలినడకను వెదకబూనుట మొదట వినువానికి అవివేకముగ తోచును. ఆ వేటను నేను కొంత దగ్గరగా చూచితిని. తుపాకి పట్టినవాడను కాను. పట్టినవాని వెనుక నడచినవాడను. దానినిగూర్చి ఆలోచించినకొలది, ఆ వేటలో శౌర్యమునకు గల స్థానము మిక్కిలి స్వల్పమనియు, సర్వమును తెలియుటపైననే ఆధారపడి యున్నదనియు, ఆ తెలియుట యెక్కడ నిలిచిపోవునో అక్కడ వేటకాని చేయియు నిలిచిపోవలెననియు నాకు నిశ్చయము కలిగినది.

ఆ మృగము ప్యూమా. కూగరనియు, పాంథరనియు, మౌంటెన్ లయననియు అమెరికావారు ప్రాంతమునకొక పేరుతో పిలుతురు, నేను కొండసింహమందును. సింహమను మాటయే గాని దానికి జూలు లేదు, సింహశార్దూలములవలె గర్జించుటకు దాని కంఠము అనువైనది కాదు, పిల్లివలె గురగురలాడును, జతకోరు దినములలో ఆడుది రాత్రివేళ వినువారి ఒడలు జలదరించునట్లు అరచును. దేహము ఎండుగడ్డి వన్నె. తోక మొత్తము పొడవులో ఇంచుమించు మూడవ వంతు. కెనడాలోని యూకాన్ మొదలుకొని చిలీ దేశపు దక్షిణాగ్రము దాక, హిమపర్వతములలోను, ఎడారులలోను, ఉష్ణారణ్యములలోను అది నివసించును. పశ్చిమార్ధగోళమున ఇంతటి వ్యాప్తి గల అడవిమృగము మరియొకటి లేదు. ఇంతగా వ్యాపించియు ఇంతగా కానరాకుండుట దాని విశేషము. అది తిరుగు కొండలలోనే పుట్టి, అక్కడనే పశువులను మేపుకొనుచు ముసలివారై, దానిని ఒక్కమారైనను చూడని రైతులు అమెరికా పడమటి రాష్ట్రములలో ఎందరో కలరు.

నేను చూచిన వేట దక్షిణ డకోటా రాష్ట్రపు పడమటి అంచున నున్న నల్లకొండలలోనిది. అంతులేని పచ్చికబయళ్ల నడుమ ద్వీపమువలె లేచిన ఆ కొండలు పాండెరోసా పైన్ వృక్షములతో నిండి దూరమునకు నల్లగా కనబడును. లకోటా ప్రజలకు అవి పవిత్రభూమి. 1868 నాటి ఒప్పందముచే వారికి దక్కిన ఆ భూమిని, 1874 లో బంగారము బయటపడిన పిమ్మట, వారినుండి లాగికొనిరి. అది అన్యాయమని 1980 లో ఆ దేశపు సుప్రీం కోర్టే నిర్ణయించి పరిహారమును ఖాయపరచినను, లకోటావారు ఆ సొమ్ము ముట్టక నేటికిని కొండలనే అడుగుచున్నారు. కొండలను ఆక్రమించినవారే కొండసింహము తలకు వెల కట్టిరి. దానిని చంపి తెచ్చినవానికి ప్రభుత్వము బహుమానమిచ్చు పద్ధతి 1966 వరకు సాగెను. అప్పటికి బహుమానము పొందుటకు మృగమే కరవైనది. 1978 లో ఆ రాష్ట్రము దానిని ముప్పునకు లోనైన జంతువుల జాబితాలో చేర్చినది. తరువాత ఎవరును తెచ్చి విడువకయే, పడమటి కొండలనుండి ఒకటొకటిగా అది తనంతట తానే తిరిగి వచ్చి నిలదొక్కుకొనెను. 2003 లో జాబితానుండి తొలగించి వేటమృగముగ ప్రకటించిరి. 2005 లో మొదటి వేటకాలమును తెరచిరి. కస్టర్ స్టేట్ పార్కులో కొద్దిమందికి తప్ప ఆ కొండలలో జాగిలములకు అనుమతి లేదు. క్రిస్మసు మరునాడు వేట మొదలగును. మొత్తము అరువది మృగములు గాని, వానిలో ఆడువి నలువది గాని పడినంతనే, ఏది ముందైన దానితో ఆ యేటి వేట ముగియునట్లు ఇటీవలి సంవత్సరములలో నియమము నడచినది.

జాగిలములతో వేట యెట్లుండునో చెప్పక, అవి లేని వేటను బోధపరచుట కష్టము. 1901 జనవరిలో, ఉపాధ్యక్షుడుగ ఎన్నికై ఇంకను పదవి చేపట్టని థియొడోర్ రూజ్‌వెల్టు కొలరాడోలోని మీకర్ ప్రాంతమునకు పోయి, జాన్ గాఫ్ అను మార్గదర్శకుని కుక్కల వెంట కొన్ని వారములు తిరిగెను. ఆయనయు ఆయన మిత్రులును కలిసి పదునాలుగు కొండసింహములను చంపిరి. వానిలో ఒక మగది 227 పౌనులు, అనగా 103 కిలోలు, తూగెను. ఆ వేట క్రమము అప్పుడును ఇప్పుడును ఒక్కటే. కుక్కలు జాడపై పడి మొరుగుచు తరుమును. కొండసింహము మెరుపువలె దూకగలదు గాని దూరము పరుగెత్తలేదు. ఊపిరి చాలక ఏదో చెట్టెక్కును. వేటకాడు తీరికగా వచ్చి చూచుసరికి అది కొమ్మపై నుండును, కుక్కలు మొదట చేరి గోల చేయుచుండును. చెట్టుమీది ప్రాణిని కాల్చుటలో ఏమి వేట యున్నదని ఆక్షేపించువారు ఆ దేశమున చాలమంది కలరు, వారి ఆక్షేపణలో బలము లేకపోలేదు. కాని ఒక మాట చెప్పక తప్పదు. ఆ చెట్టుక్రింద నిలిచినవానికి కావలసినంత సమయము కలదు. అది మగదో ఆడుదో, పాలిచ్చు తల్లియో కాదో, పెద్దదో పిన్నదో చూచుకొని, ఇష్టము లేనిచో కుక్కలను లాగికొని మరలిపోవచ్చును. ఆ మృగమునుగూర్చి మనకు నేడు తెలిసిన దానిలో ముఖ్యభాగము కూడ ఈ విధముగనే లభించినది. 1964 లో మారిస్ హార్నాకర్ అను శాస్త్రజ్ఞుడు ఐడహో రాష్ట్రపు నిర్జనారణ్యములో, బిగ్ క్రీక్ లోయలో, విల్బర్ వైల్స్ అను అనుభవజ్ఞుని జాగిలములతో చలికాలమంతయు మంచులో నడచి, కొండసింహములను చెట్టెక్కించి, మత్తుమందిచ్చి, గుర్తులు వేసి విడిచిపెట్టుచు, వరుసగ కొన్ని సంవత్సరములు వాని బ్రతుకును పరిశీలించెను. ఒక్కొక్క మృగము తన ఎల్లలను తానే ఏర్పరచుకొని, ఇతరులను తప్పించుకొని తిరుగుననియు, ఆ ఏర్పాటే వాని సంఖ్యను మితములో నుంచుననియు ఆయన చూపించెను. ఇది కుక్క చేసిన ఉపకారము.

ఆ చెట్టు దృశ్యమును సహింపలేకయే ఆరెగన్ ప్రజలు 1994 లోను, వాషింగ్టన్ రాష్ట్రప్రజలు 1996 లోను, వోటు వేసి జాగిలములను ఈ వేటనుండి బహిష్కరించిరి. కాలిఫోర్నియావారు 1990 లో ఇంకను ముందుకు పోయి వేటనే నిషేధించిరి.

నేను ఒక శీతకాలము నల్లకొండల అంచున గడపవలసి వచ్చినది. మా అన్నగారి కుమారుడు ర్యాపిడ్ సిటీలోని గనుల విద్యాలయములో చదివి, ఆ ఊరనే ఉద్యోగము సంపాదించి, బిడ్డ పుట్టిన సంవత్సరము మమ్ము పిలిపించుకొనెను. వారికి రెండిండ్ల అవతల ఒక వృద్ధుడుండెను. వయసున కలప కోయు పనిలో ఆ కొండలన్నియు త్రొక్కినవాడు, మితభాషి. ఉదయపు నడకలో ఎదురుపడి పలుకరించుచు, క్రమముగ నా కుతూహలమును గ్రహించి, ఒక సాయంకాలము, "ఈ రాత్రి మంచు కురిసి నడిరేయికి ఆగునట. మీకు నడచు ఓపిక యున్నచో తెల్లవారుజామున సిద్ధముగ నుండుడు" అని చెప్పి పోయెను.

ఆ వేటకు మంచు కురియుట ఒక్కటే చాలదు. కురిసి ఆగవలెను, ఎప్పుడు ఆగినదో తెలియవలెను. నడిరేయి మంచు ఆగినదని తెలిసినవానికి, అడుగుగుంటలో రేణువైనను రాలకయున్న జాడ ఆ తరువాతిదని స్పష్టము. చలి తీవ్రముగ నున్నచో జాడ అంచు గంటగంటకు గట్టిపడును. క్రొత్తదైనచో వ్రేలు తాకినంత పొడిగా రాలును. మేము చీకటిలోనే బయలుదేరి, అడవి లోపలి మట్టిదారులవెంట బండిని నడకకంటె కొంచెము వేగముగ నడపుచు, దీపముల వెలుతురులో దారికి అడ్డముగ పోయిన ప్రతి జాడను చూచుచు పోయితిమి. జింకలవి లెక్కలేనన్ని, నక్కజాతివి కొన్ని, తెల్లవారి చాలసేపైన తరువాత ఆయన బండి ఆపెను. దిగి మంచులో మోకరించి, చేతితొడుగు తీసి, ఒక్కొక్క గుంటను ముట్టిముట్టి చూచెను. నెల్లూరు సీమలో కోతలైన చేలగట్లపై యానాదులు ఎలుక కలుగు ముందు కూర్చుండి, ఇది పాతది, ఇది క్రొత్తది, ఇందులో ఉన్నది, ఇందులో లేదని చెప్పుచుండుట బాల్యమున చూచినవాడను గనుక, ఆ వృద్ధుని భంగిమ నాకు చిరపరిచితముగ తోచెను.

జాడను ఆయన నాకు చూపించి బోధించెను. నాలుగు వ్రేళ్లు, గోళ్ల గుర్తు లేదు, ఏలన పిల్లిజాతి గోళ్లను లోపలికి ముడుచుకొని నడచును. మడమ దిండు వెనుక అంచున మూడు తమ్మెలుగ విడివడి యుండును, కుక్కకు అట్లుండదు. వ్రేళ్లలో ఒకటి తక్కినవానికంటె ముందునకు జరిగి యుండుటచే అది కుడిపాదమో ఎడమపాదమో చెప్పవచ్చును. ముందుకాలు మోపిన గుంటలోనే వెనుకకాలు మోపి నడచును. అందుచేత నాలుగు కాళ్ల మృగము రెండుకాళ్లతో పోయినట్లు ఒకే వరుస కనిపించును. మంచు లోతైన చోట తోక ఈడ్చిన గీత సన్నగా పడును. ఆనాటి జాడ వెడల్పు మూడున్నర అంగుళములకు పైగా నుండెను, అంగలు పొడవైనవి. మగదని ఆయన నిర్ణయము.

వెంబడించితిమి. ఆ నడకలో ఒక్క అడుగైనను వృథా లేదు. ఎక్కడ పడిపోయిన మాను దొరికెనో అక్కడ మానుపై నడచినది. ఎక్కడ చెట్టు నీడను మంచు పలుచగ నున్నదో అక్కడికి మలుపు తిరిగినది. బయలు ప్రదేశమును దాటక దాని అంచువెంట చుట్టి పోయినది. రెండు కొండల నడిమి కనుమలో వెనుకకాళ్లతో పైన్ ఆకులను ఎగదోసి చిన్న కుప్పగ చేసి యుండెను. ఈ ఎల్ల నాదని ఇతర మృగములకు అది చేయు ప్రకటన. ఇంకొకచోట బండచరియపై మంచు దేహపు వేడికి కరగి మరల గడ్డకట్టిన పల్లము కనబడెను. అక్కడ అది చాలసేపు కూర్చుండినది. ఆ పల్లము వద్ద నిలిచి చూచినచో మేము వచ్చిన దారి, బండి నిలిపిన చోటు, అంతయు క్రింద స్పష్టముగ కనబడుచుండెను. అది కూర్చుండినది మాకు ముందో, మేము వచ్చిన తరువాతనో నేను అడిగితిని. ఆయన ఆ గడ్డను గోటితో గీచి చూచి, ముందే యనెను. కాని వెంబడించువాని వెనుకకు అది చుట్టివచ్చి వాని జాడపైననే నడచిపోవుట తాను పలుమారులు ఎరుగుదుననియు చెప్పెను.

మధ్యాహ్నమునకు బొంతకాకుల అరపులు వినబడెను. ఆ అరపులనుబట్టి ఆయన వేగము తగ్గించి, దుర్భిణితో ఎదుటి వాలును చాలసేపు పరిశీలించి, ఒక పొదక్రింద మంచును ఆకులును కుప్పగా పోసియున్న చోటు చూపించెను. దానిక్రింద ఒక తెల్లతోక జింక యుండెను. కొండసింహము ఇంచుమించు వారమునకో పది దినములకో ఒక జింకను చంపి, కొంత తిని, మిగిలినదానిని ఇట్లు కప్పిపెట్టి, రాత్రులు మరల మరల వచ్చి తినును. మేము దానిని సమీపింపలేదు. ఎదుటి వాలున ఒక బండకు వీపానించి కూర్చుంటిమి. వెనుకనుండి ఏదియు రాకుండునట్లు బండ అవసరమని ఆయన చెప్పెను. నోటియందుంచుకొను ఒక చిన్న సాధనముతో, చిక్కుపడిన కుందేలు కూతను ఆయన కొంతసేపు పుట్టించి, నిలిపి, మరల పుట్టించుచు, గంటకు పైగా కదలక యుండెను. ఆ కూత విన్న నక్కజాతి పరుగున వచ్చును. కొండసింహము వచ్చినను తొందరపడదు, ప్రతి చెట్టు చాటునను కూర్చుండి చూచుచు వచ్చును. ఆనాడు ఏదియు రాలేదు. లేదా వచ్చి మమ్ము చూచి పోయినది. ఆ రాత్రి చినూక్ అను పడమటి వెచ్చని గాలి వీచెను. ఆ గాలి మహిమ ఎట్టిదనగా, 1943 జనవరి 22 న ఆ కొండల ఉత్తరపు అంచునున్న స్పియర్‌ఫిష్ అను ఊర, రెండే నిమిషములలో ఉష్ణోగ్రత మైనస్ 4 డిగ్రీల ఫారన్‌హీట్ నుండి 45 డిగ్రీలకు లేచినది. అంతటి వేగమైన మార్పు ప్రపంచములో మరెక్కడను నమోదు కాలేదట. తెల్లవారుసరికి జాడ యున్న చోట బురద మిగిలెను.

ఇట్టి వేటలో మృగమును కన్నులార చూచువారు స్వల్పసంఖ్యాకులు. చాలమంది శీతకాలమంతయు నడచి, కండలు కరగించుకొని, ఉత్తచేతులతో ఇంటికి వత్తురు. కుక్కలు లేని వేట మృగమునకు న్యాయము చేయుననియు, వేటకాడును మృగమును సమానబలముతో తలపడుదురనియు కొందరు మెచ్చుకొందురు. ఈ మెప్పు నాకు రుచింపలేదు. మూడువందల గజముల దూరమునుండి ప్రాణము తీయగల తుపాకి ఒకరి చేత నుండగా సమానత్వమెక్కడిది? కుక్కను విడిచినంతమాత్రమున మనుష్యుడు ధర్మాత్ముడైనాడని నేను నమ్మజాలను. అతడు మరింత శ్రమపడినాడు. శ్రమయొక్క విలువ శ్రమకే గాని ధర్మమునకు చెందదు. నేను ఆ వృద్ధుని వెంట నడచి గౌరవింప నేర్చుకొన్నది మరియొకటి. ఒక ప్రాణి రాత్రియంతయు ఏమి చేసెనో, ఎచట ఆగెనో, ఎందుకు మలుపు తిరిగెనో, దేనికి భయపడెనో తెలిసికొనుటకు మనుష్యుడు తన సర్వేంద్రియములను ఏకాగ్రము చేసి దినమంతయు దాని అడుగులో అడుగు వేయుట, ప్రేమకు చాల సమీపమున నున్న పని. కుక్క వెంట పరుగెత్తువానికి ఈ తెలివి అక్కరలేదు. దానిని కుక్క తన ముక్కుతో సంపాదించి తనయొద్దనే ఉంచుకొనును.

అయితే ఈ తెలివికి ఒక భయంకరమైన లోపము కలదు. దినమంతయు తెలిసికొనుచు వచ్చినవాడు, చివరి క్షణమున, అనగా తెలియుట అన్నింటికంటె అవసరమైన క్షణమున, అజ్ఞానియై నిలుచును. చెట్టు చాటునుండి గోధుమవన్నె దేహమొకటి కొన్ని క్షణములు కనబడును. అది మగదా, ఆడుదా? మగదానికి వెనుకకాళ్ల నడుమ, తోకక్రింద నాలుగైదు అంగుళముల దిగువను నల్లని చిన్న మచ్చ యుండును, ఆడుదానికి ఉండదు. చెట్టు కొమ్మపై నున్నప్పుడు దానిని చూడవచ్చును. వాలుపై నడచిపోవుచున్నప్పుడు దుర్లభము. వాషింగ్టన్ రాష్ట్రమున జాగిలములను నిషేధించిన తరువాత, వేట తగ్గునను భయముతో అనుమతిపత్రముల వెలను తగ్గించి, కాలమును పొడిగించిరి; వానిని కొన్నవారి సంఖ్య అనేకరెట్లు పెరిగెను; చంపబడిన వానిలో ఆడువాని పాలు కూడ పెరిగెను. దయతో వేసిన వోటు తల్లులమీద పడినది. ఆ వోటు వేసినవారిని నేను నిందింపను. చెట్టుక్రింది హింస వారి కంటికి కనబడినది, వాలుమీది పొరపాటు కనబడలేదు.

మన దశరథుని కథను నేను ఆ కొండలలో పలుమారులు తలచుకొంటిని. సరయూతీరమున చీకటిలో కడవ మునుగు బుడబుడ ధ్వనిని విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి, శబ్దవేధి బాణమును విడిచిన ఆ రాజకుమారునికి లోపించినది నైపుణ్యము కాదు. గురి తప్పలేదు, ధ్వని వచ్చిన చోటనే బాణము నాటినది. ఆయన బాణము ఆయన జ్ఞానముకంటె దూరము పోయినది. అది అంధులైన తల్లిదండ్రులకు కన్నులైన బాలుని చంపినదని తెలియుటకు ఆయన బాణమువెంట నడచి పోవలసి వచ్చెను. వాల్మీకి ఆ కథను రాజు మరణశయ్యపై చెప్పించుటలో ఎంత ఔచిత్యమున్నదో, తుపాకి పట్టినవాని వెనుక మంచులో నడచిన తరువాతనే నాకు పూర్తిగ బోధపడినది.

కొండసింహము ఏ ఋతువులోనైనను ఈనును. మూడు నెలలు మోసి, రెండో మూడో కూనలను కని, ఏడాదికి పైగా, ఒక్కొక్కప్పుడు రెండేండ్ల దాక, వానిని తనతో నుంచుకొనును. ఆ విధముగ ఎదిగిన ఆడుమృగము తన జీవితములో అధికభాగము గర్భవతిగనో, కూనల తల్లిగనో గడపును. ఒడలిపై మచ్చలున్న కూనను గాని, మరియొక కొండసింహముతో కలిసి తిరుగుచున్నదానిని గాని చంపరాదని దక్షిణ డకోటా చట్టము శాసించుచున్నది. మంచి చట్టము. కాని తల్లి వేటకు పోవునప్పుడు కూనలను ఏ బండల సందుననో, ఏ జింక కళేబరము చెంతనో విడిచి ఒంటరిగ పోవును. చట్టము చూడగలది తుపాకి యెదుట నున్నదానిని మాత్రమే. కూనలు క్రోసు దూరమున నుండును.

శీతకాలము చివరి భాగమున, మరల మంచు కురిసి ఆగిన ఒక ఉదయమున, ఆ వృద్ధుడు నన్ను మరల వెంట తీసికొనిపోయెను. దొరికిన జాడ మొదటిదానికంటె చిన్నది, అంగలు పొట్టివి. తెల్లవారుజామునదే యని ఆయన చెప్పెను. మృగము ముందు లోయలో ఎచటనో దగ్గరనే యుండవలెను. నేను ముందుకు అడుగు వేయబోవుచుండగా ఆయన తల అడ్డముగ ఊపి, జాడకు ప్రక్కగా, దానిని చెరపకుండునట్లు, అది వచ్చిన దిక్కునకు తిరిగి నడచెను. చాలసేపు నడచితిమి. జాడ ఒంటరిగనే యుండెను; రెండు వాగులు దాటితిమి; ఇంక మరలుదమని ఆయన అనునేమో యని నేను ఎదురుచూచితిని. ఆయన మరలలేదు. చివరకు, పొడుచుకొనివచ్చిన ఒక బండచరియ దిగువను, ఆ జాడకు రెండు ప్రక్కలను, నా బొటనవ్రేలి పొడవైనను లేని చిన్న చిన్న గుంటలు చెల్లాచెదరుగ, ఆడుకొన్నట్లు, పడియుండెను. ఆయన వానిని కొంచెము దూరమునుండియే చూచి, తుపాకిలోని గుండ్లు తీసి జేబులో వేసికొనెను. "ఇక్కడ నిలువరాదు, మన వాసన పడును" అని మాత్రము చెప్పెను. మేము వేరొక దారిని బండి చేరుకొంటిమి. ఆ లోయలో తల్లి ఎంత దగ్గరగ నుండెనో మేము చూడబోలేదు. ఆయనకు ఆ యేడు వేట దొరకలేదు; దానికి ఆయన చింతించినట్లును కనబడలేదు.

వెనుకకు నడచి చూచుటయు సంపూర్ణమైన రక్షణ కాదు. రాత్రి మంచుకు పూర్వమే కూనలను విడిచి వచ్చిన తల్లి జాడ ఎంత దూరము పోయినను ఒంటరిగనే యుండును. అట్టి సందేహమున్నప్పుడు చిన్న జాడను విడిచివేయుటయే ఆయన పద్ధతి. పెద్ద జాడను మాత్రమే ముందుకు వెంబడించును. ఆ పెద్దవానిలోను కొన్ని, తమకంటె బలమైన మగవానిచే తరుమబడి, కొండలు విడిచి బయళ్లమీద తూర్పుగ పోవు పడుచు మగవి. వానిలో ఒకటి మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రములమీదుగ పదునైదు వందల మైళ్లకు పైగా నడచి, 2011 జూన్ నెలలో అట్లాంటిక్ సముద్రతీరమునకు సమీపమున, కనెక్టికట్ రాష్ట్రపు రహదారిపై కారు తగిలి చనిపోగా, దాని పుట్టుక నల్లకొండల మృగజాతిలోనిదని జన్యుపరీక్షవలన తేలినది. అట్టిదాని జాడ కొండల అంచున తూర్పుముఖముగ పోవుచున్నప్పుడు కూడ తాను దానిని పోనిత్తునని ఆ వృద్ధుడు చెప్పెను. కారణమడిగితిని, దానికి ఇంకను చాలదూరము పోవలసి యున్నదనెను.

వేట యుండరాదను వాదమును నేను ఇక్కడ చేయబూనలేదు. ఆ దేశప్రజలు దానిని తమలో తాము తేల్చుకొనుచున్నారు. 2024 లో కొలరాడో వోటర్లు కొండసింహపు వేటను నిషేధించు ప్రతిపాదనను త్రోసిపుచ్చిరి. కాని ఆ కొలరాడోలోనే ఒక మంచి నియమము కలదు: ఆ వేటకు అనుమతి కోరువాడు మొదట మగ ఆడ భేదమును గుర్తించు పాఠమును చదివి పరీక్షలో నెగ్గవలెను. అది జాగిలములకు అనుమతి గల రాష్ట్రము. అక్కడి వేటకానికి చెట్టుక్రింద నిలిచి చూచుకొను తీరిక కూడ కలదు. ఆ తీరిక లేని చోట, క్షణములలో నిర్ణయింపవలసిన చోట, ఆ పరీక్ష మరింత కఠినముగ నుండవలెను; జాడను వెనుకకు నడచి చూచు విద్య అందులో మొదటి పాఠము కావలెను. ఆరు నెలలు నిండని కూన తల్లి లేక బ్రతుకుట మిక్కిలి అరుదు.